ఆడిటర్ ఆఫీసు వెబ్‌సైట్‌లో సలహాకి పోయినోళ్లని పాన్ నంబరు అడగొచ్చా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

మా నాయన ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు చేస్తాడు. పోయిన నెల ఆయనకి ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి 139(9) నోటీసు వచ్చింది. రిటర్ను లోపంగా ఉండాది, 15 రోజుల్లో సరిచెయ్యమని. నెల్లూరులోనే ఒక ట్యాక్స్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉచిత సలహా అని కనపడితే నేనే కూర్చుని ఫారం నింపినా. పేరు, ఫోను, ఈమెయిలు అయినాక పాన్, పుట్టిన తేదీ, చేసే పని, ఏడాది ఆదాయం, బ్యాంకు పేరు అడిగింది. చివరికి పాన్ కార్డు ఫోటో కూడా. అన్నిటి పక్కన ఎర్ర చుక్క గుర్తే. ఒక్క గడి వదిలినా ముందుకి పోలా. అన్నిటికన్నా కింద, మా భాగస్వామ్య సంస్థలు మిమ్మల్ని సంప్రదించడానికి ఒప్పుకుంటున్నారు అని ఇంగ్లీషులో ఒక లైను. దానికి టిక్కు ముందే పెట్టి ఉండాది. నోటీసు గడువు కంగారులో నేను చూసుకోలా.

మూడో రోజు నుంచి నాయనకి లోన్ ఫోన్లు. ఆక్వా లోను కావాలా, గుంటల మీద ఇస్తాం అని. వాళ్లకి ఎట్ల తెలిసిందో నేను ఊహించి చెప్పడం లా. ఫారం కొట్టేటప్పుడు మా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఆ ఫోన్లవాళ్లు ఆ తప్పు అక్షరంతోనే నాయనని పిలుస్తా ఉండారు. జన్మలో ఇంకెవరూ ఆయన్ని అట్ల పిలవలా.

ఇంకా క్లయింటే కాని మనిషిని ఇన్ని అడిగే హక్కు ఆ ఆఫీసుకి ఉండాదా? తెలిసినోళ్లు చెప్పండి.

ట్రంకురోడ్డు రిటర్న్స్ (నెల్లూరు)

తమ్ముడూ, పద్నాలుగేళ్లుగా ట్యాక్స్ ఆఫీసులో పని చేస్తున్నా. ముందే టిక్కు పెట్టి ఉంచడం, నంబర్లు బయటికి పోవడం ముమ్మాటికీ తప్పు. దాన్ని వెనకేసుకు రాను. కానీ పాన్ అడగడమే నేరం అంటే ఒప్పుకోను.

జూలైలో మా ఆఫీసు సంగతి చూడాలి నువ్వు. 'నోటీసొచ్చింది, ఫోన్ చెయ్యండి' అని నాలుగు మాటలు రాసి పంపిస్తారు. ఫోన్ చేస్తే ఏ నోటీసో, ఏ సంవత్సరానిదో వాళ్లకే తెలీదు. సగం మంది పేరే అబద్ధం. పాన్ ఉంటే మనిషి నిజమని తెలుస్తుంది, పని మొదలుపెట్టడానికి ఒక దారి ఉంటుంది. పైగా పాన్‌ని గుప్తనిధిలాగా చూడక్కర్లేదు. ఏ షాపు బిల్లయినా తీసి దాని మీది జీఎస్టీ నంబరు చూడండి. పదిహేను అక్షరాలు. మొదటి రెండు 37, అంటే ఆంధ్రప్రదేశ్. ఆ తర్వాతి పది ఆ యజమాని పాన్ నంబరే. రోజూ వంద మందికి బిల్లు రూపంలో ఇచ్చేదాన్ని ఆడిటర్‌కి ఇస్తే ఏం పోయింది?

గుండ్లకమ్మ (ఒంగోలు)

నేను వెబ్‌సైట్లు చేసి బతికేవాణ్ణి. డాక్టర్లు, ఆడిటర్లు, లాయర్లు, ఇంజినీర్లు, అందరికీ చేశాను. అందుకే ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

మీరు అడిగే గడుల గురించే మాట్లాడుతున్నారు. అడక్కుండా తీసుకునేది వేరే ఉంది. సైటు తెరిచిన క్షణంలోనే మీ ఐపీ అడ్రసు, ఫోను రకం, ఎక్కడినుంచి వచ్చారు, ఏ పేజీ ఎంతసేపు చూశారు, ఇవన్నీ నమోదవుతాయి. కొంత సర్వరుకి అవసరమే. కానీ ఓనరు 'ప్రకటనలకి పనికొస్తుంది' అంటే గూగుల్ కోడు, ఫేస్‌బుక్ కోడు కూడా పెడతాం. అప్పుడు 'ట్యాక్స్ నోటీసుకి జవాబు' అనే పేజీ మీరు చూశారన్న సంగతి ఆ కంపెనీలకీ చేరుతుంది. ఆడిటర్ గారి దగ్గరికి పోయిన విషయం ఊళ్లో తెలియకూడదని సందులోంచి పోయే మనుషులు ఉన్నారు. వాళ్లకి ఈ సంగతి ఎవరు చెప్తారు?

ఇంక నింపిన ఫారం ఎటు పోతుందో చెప్తాను. ఒక కాపీ ఆఫీసు ఈమెయిలుకి. ఒకటి సైటు డేటాబేసులో. చాలాచోట్ల మూడోది ఒక గూగుల్ షీటులో. దాని లింకు ఆఫీసులో పని మానేసిన కుర్రాడి దగ్గర కూడా ఉంటుంది. పోయిన ఏడాది ఒక ఆఫీసు వాళ్లు పాత సైటు మార్చమని నాకిచ్చారు. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే సైటు. ఫారం ద్వారా వచ్చిన ఫోటోలన్నీ మామూలు అప్‌లోడ్స్ ఫోల్డరులో పడున్నాయి. ఆ ఫోల్డరుకి విడిగా తాళం వెయ్యకపోతే లింకు తెలిసినవాడు ఎవడైనా లాగిన్ లేకుండా తెరవొచ్చు. నమ్మకం కుదరక నా ఫోనులో ఒక లింకు కొట్టాను. తెరుచుకుంది. ఎవరో పెద్దాయన పాన్ కార్డు, మంచం మీద పెట్టి తీసినట్టుంది, వెనకాల చారల దుప్పటి. ఆయన ఆ ఆఫీసుకి క్లయింటు అయ్యాడో లేదో కూడా అక్కడెవరికీ తెలీదు. నాలుగేళ్ల ఫోటోలు అట్టాగే ఉన్నాయి. ఆ రాత్రే తీయించాను.

అందుకే ట్రంకురోడ్డు అన్నగారికి నా మాట ఒక్కటే: మీరు పాన్ అడిగేది మంచికే అయినా, దాన్ని ఎక్కడ పెడుతున్నారో మీకే తెలీదు.

లాయర్‌పేట జూనియర్ (ఒంగోలు)

చట్టం సంగతి నేను రాస్తాను.

చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, 1949లో రెండో షెడ్యూలు ఉంది. వృత్తిలో భాగంగా తెలిసిన క్లయింటు విషయాన్ని, అతని ఒప్పుదల లేకుండా, చట్టం అడిగితే తప్ప, ఇంకొకరికి చెప్తే అది దుష్ప్రవర్తన. ఇది గట్టి రక్షణ. కానీ ఇది ఆడిటరుకి పని అప్పజెప్పిన మనిషికి. ఫారం నింపి ఫోను కోసం ఎదురుచూసే మనిషి ఇంకా గడప బయటే ఉన్నాడు. పైగా ట్యాక్స్ కన్సల్టెంట్లమని బోర్డు పెట్టిన వాళ్లందరూ సీఏలు కారు, వాళ్లకి ఆ చట్టం వర్తించదు. పెన్నా ఒడ్డు గారి నాన్నగారు పడింది ఈ సందులోనే.

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. సమాచారం తీసుకునే వాళ్ల ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకి అమలవుతాయి. ఆ చట్టంలోనే ఉన్న ఒక ఉదాహరణ చూడండి. ఫోనులో వైద్యం చేసే యాప్ ఒకటి మీ ఫోనులోని నంబర్లన్నీ చూడనివ్వమంది, మీరు సరే అన్నారు. అయినా ఆ ఒప్పుదల చెల్లదు, ఎందుకంటే వైద్యానికి ఆ నంబర్లతో పని లేదు. అంటే టిక్కు పెట్టించుకున్నంత మాత్రాన సరిపోదు, ఆ పనికి అది అవసరమా అన్నదే లెక్క. తిరిగి ఫోను చెయ్యడానికి బ్యాంకు పేరెందుకు? ఏం తీసుకుంటున్నారో, ఎందుకో చెప్పే నోటీసుని తెలుగులో చదువుకునే వీలు కూడా ఆ చట్టం ప్రకారం ఇవ్వాలి.

మాది చిన్న ఆఫీసు, మాకివన్నీ ఎందుకు అనేవాళ్లకి ఇంకో మాట. ఐటీ చట్టం, అంటే ఇన్‌కమ్ ట్యాక్స్ కాదు, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం. సున్నితమైన సమాచారాన్ని అజాగ్రత్తగా ఉంచి నష్టం చేస్తే పరిహారం కట్టించే దాని 43ఏ సెక్షను సొంత యజమాని నడిపే ఆఫీసుకీ, వృత్తి పని చేసే ఆఫీసుకీ కూడా వర్తిస్తుంది.

కానీ అన్నీ అడగకూడదన్నది కూడా తప్పే. మా వృత్తిలో ఎదుటి పక్షం పేరు ముందే అడిగి తీరాలి. అవతలివాడు మా సీనియర్ గారి పాత క్లయింటు అయితే, మీ కథంతా విన్నాక వద్దనడం మీకూ మాకూ నష్టం. అందుకని పేర్లు ముందు, కాయితాలు తర్వాత. ఇంకొకటి, లాయర్ల సైటు తెరవగానే 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కమంటారు చూడండి, అది మీ సమాచారం గురించి కాదు. లాయర్లు ప్రచారం చేసుకోకూడదన్న బార్ కౌన్సిల్ నియమం కోసం పెట్టేది. దాన్ని నొక్కి మన సమాచారానికి కాపలా ఉందనుకోవద్దు.

చీమకుర్తి ఎకౌంట్స్

గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూస్తాను. బిల్లు మీద పాన్ ఉందిగా అన్న అన్నగారూ, అది మా ఓనరు పాన్. మిషను మీద పని చేసే మనిషికి జీఎస్టీ నంబరు లేదు, ఆయన పాన్ ఏ బిల్లు మీదా లేదు. పాన్, ఆధార్ కాయితాలు పెట్టి ఎవరి పేరు మీదో ఫర్మ్ తెరిచి దొంగ బిల్లులు కొట్టే వాళ్లున్నారు. నోటీసు మాత్రం ఆ కూలి మనిషికొస్తుంది. అలా వస్తే ఆయన ఏ లాయరు ఫీజు కట్టగలడు?

ట్రంకురోడ్డు రిటర్న్స్

చీమకుర్తి అమ్మా, ఆ మాట నిజం. నేను వ్యాపారస్తుల్నే దృష్టిలో పెట్టుకున్నా. ఫోటో గడి తీసెయ్యమని మా సార్‌కి ఈరోజే చెప్పా. టిక్కు మాకు లేదు. పాన్ గడి ఉంచుతాం గానీ తప్పనిసరి కాదు అని పక్కన రాస్తాం. అంతకు మించి వెనక్కి రాను. గడువు రెండు రోజులే ఉన్న మనిషికి పాన్ ముందే ఇవ్వడం వల్ల మేలు జరగడం నేను చూశాను.

పెన్నా ఒడ్డు

అన్నా, మీ మాటకి గౌరవం ఉండాది. అయినా ఒకటి చెప్తా. నోటీసు నిజమా కాదా అని చూడ్డానికి మీ ఫారం అక్కర్లా. నోటీసు మీద డిన్ అని ఆ కాయితం గుర్తింపు నంబరు ఉంటుంది. అది, ఒక ఫోను నంబరు ఉంటే ఇన్‌కమ్ ట్యాక్స్ సైటులో లాగిన్ లేకుండానే సరిచూసుకోవచ్చు. ఇంట్లో కూర్చుని నేనే చూసినా. ఆ పద్ధతి మీ పేజీలో తెలుగులో రాస్తే, సగం మందిని పాన్ అడగాల్సిన పనే మీకు రాదు. మిగతా సగం ఎట్లాగూ ఆఫీసుకి వస్తారు, కుర్చీలో కూర్చుని చేతికిస్తారు.

ఆ ఆఫీసుకి నిన్న పోయినా. మా వివరాలు తీసెయ్యమని కాయితం రాసిచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకున్నా. ఫోన్లు మాత్రం ఆగలా.

చీమకుర్తి అక్క రాసింది చదివి రాత్రి జీఎస్టీ పోర్టల్‌లో పాన్‌తో వెతికే చోట నాయన నంబరు కొట్టినా. ఆయన పేరు మీద ఏ ఫర్మూ లేదు. అమ్మ పాన్ కూడా అదే సైటులో ఒకసారి ఇచ్చి ఉండాను, అది ఇంకా చూడాల.