సరస్సు పార్కు పిక్నిక్‌లో పిల్లల చేపలవేట: రాడ్లు, ఒడ్డు, పిల్లలు – వాలంటీర్లు ఇక్కడే మాట్లాడుకుందాం

సమన్వయం: షెల్టర్ ఖాయమైందండీ. సరస్సు చిన్నది, చుట్టూ అడవి, చెట్లు అడ్డం లేని ఒడ్డు తక్కువ. అందుకని ఒకేసారి ఎన్ని రాడ్లు నీళ్ళలో వేయనివ్వాలో ముందు తేల్చండి.

చేపల బృందం: రాడ్డుకీ రాడ్డుకీ 3 మీటర్ల ఎడం ఉండాలి. అంతకన్నా దగ్గరైతే చిక్కులు విప్పడంతోనే పూట గడిచిపోతుంది. ముగ్గురు పిల్లలకు ఒక పెద్దవారు, ఆ పెద్దవారి చేతిలో రాడ్ ఉండకూడదు. తల మీదుగా విసరనివ్వకండి, గాలం వెనక కొమ్మకో పక్కవాళ్ళ చెవికో తగులుకుంటుంది. కింది నుంచి ఊపి వదిలితే చాలు, చిన్న చేపలు ఒడ్డు దగ్గరి నాచు అంచునే తిరుగుతుంటాయి.

గాలం 8 లేదా 10 నంబరు, దారం 4–6 పౌండ్ల బరువు ఆపేది. గాలానికి జానెడు పైన దాన్ని ముంచే చిన్న బరువు గుండు, ఇంకా పైన నీటి మీద తేలే బెండు. బెండు పక్కకు పడుకుంటే గుండు అడుగున ఆనిందన్నమాట, లోతు తగ్గించాలి. బాగా కనిపిస్తుందని పెద్ద బెండు మాత్రం కొనొద్దండీ: చిన్న చేప లాగితే అది మునగదు, బరువు తెలియగానే చేప ఎర వదిలేస్తుంది. వానపాము గోరంత ముక్క చాలు. పొడుగ్గా వేలాడితే కొస కొరుక్కుని పోతుంది. గాలానికుండే ఎదురుముల్లును పట్టకారుతో ముందే నొక్కేయండి, చేప నోటికీ పిల్లల వేళ్ళకీ అదే మంచిది.

లైసెన్సులు: పిల్లలకు చేపలవేట లైసెన్సు అక్కర్లేని చోట కూడా వాళ్ళ రాడ్ అందుకుని చేపను లాగే పెద్దవారికి కావలసి రావచ్చు. వయసు హద్దు, ఉంచుకోదగ్గ చేప సైజు పార్కు ఆఫీసులో అడిగి ఇక్కడ పెడతాను. సీసం గుండ్లు మింగితే నీటి పక్షులు చచ్చిపోతాయి, టిన్‌వే తెద్దాం.

ప్రథమ చికిత్స: అడవి దారిలో నడిచేవాళ్ళు ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోవాలి. ఇంటికెళ్ళాక మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టులో పిడుదుల కోసం వెతకండి. కరుచుకుని ఉంటే సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నిదానంగా తిన్నగా పైకి లాగాలి. నూనె పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దే వద్దు. లైఫ్ జాకెట్ తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తి చూడండి. చెవుల దాకా లేచిందంటే ఆ బిడ్డకు అది వదులు.

చేపల బృందం: వదిలేసే చేపను తడి చేత్తోనే పట్టుకోవాలి, పొడి చెయ్యి ఒంటిమీది జిగురు పొరను ఊడ్చేస్తుంది. గాలం మింగేసిందంటే పీకకుండా నోటి దగ్గర దారం కత్తిరించండి. తెగిన దారానికి మూత ఉన్న డబ్బా ఒకటి కావాలి. గాలాలన్నీ ముందురోజు సాయంత్రమే కట్టేసుకోవాలి, ముడి వేయడం వచ్చినవాళ్ళు పేర్లివ్వండి.