ఏ2కు బెయిల్ వచ్చింది, మా తమ్ముడికి ఎందుకు రాలేదు?

చంద్రగిరి_అక్క:
పొలం గట్టు గొడవలో మా తమ్ముడిని ఏ4గా, అంటే నాలుగో నిందితుడిగా చేర్చారు. హత్యాయత్నం కేసు, బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 109. ఏ2కూ ఏ5కూ సెషన్స్ కోర్టులో బెయిల్ వచ్చింది. మావాడి పిటిషన్ మాత్రం కొట్టేశారు. ఒకే ఎఫ్‌ఐఆర్, ఒకే సెక్షన్లు, అందరినీ ఒకే రోజు రిమాండ్ చేశారు. అమ్మ సరిగా అన్నం తినడం లేదు. ఇలా ఎవరికైనా జరిగిందా? ఏం చేశారు?

పలమనేరు_మిత్రుడు:
మా బావమరిదికీ ఇలాగే అయింది అక్కా. హైకోర్టులో ప్యారిటీ మీదే, అంటే తోటి నిందితుడికి ఇచ్చారు కాబట్టి ఇతనికీ ఇవ్వాలన్న సమానత్వం మీదే బెయిల్ వచ్చింది. కాకపోతే మావాడి మీదా, ముందు బయటికొచ్చినవాడి మీదా ఫిర్యాదులో ఉన్నది ఒకే వాక్యం: అందరూ కలిసి కర్రలతో కొట్టారని. ఎవరు ఎక్కడ కొట్టారో విడిగా లేదు. లాయరు గారు ఆ వాక్యాన్నే చదివి వినిపించారు.

చిత్తూరు_జూనియర్:
ఎఫ్‌ఐఆర్‌లో పేర్లు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ప్యారిటీ రాదండీ. ఎవరు ఏం చేశారన్నదే కోర్టు చూస్తుంది. గుజరాత్‌లో ఐదుగురు హత్యకు గురైన కేసులో అక్కడి హైకోర్టు ప్యారిటీ చూపి బెయిళ్లు ఇస్తే, 2021లో సుప్రీంకోర్టు వాటిని రద్దు చేసింది. రమేశ్ భవన్ రాథోడ్ కేసు అంటారు. ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉందో పోలిస్తే చాలదు, ఆ ఘటనలో నిందితుడి పాత్ర ఏమిటో చూడాలని అందులో చెప్పారు. కారణాలు రాయకుండా బెయిల్ ఇవ్వడాన్నీ తప్పుపట్టారు.

అందుకే ముందు ఫిర్యాదు, సాక్షుల వాంగ్మూలాలు, గాయాల సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి చదవండి. తలపై కొట్టింది ఏ4 అనీ, మిగతావాళ్లు పట్టుకున్నారనీ ఉంటే సమానత్వం అడగడం కష్టం. పాత కేసులున్నా అంతే. రౌడీషీటర్‌కు ప్యారిటీ మీద ఇచ్చిన బెయిల్‌ను నీరూ యాదవ్ కేసులో 2014లోనే సుప్రీంకోర్టు రద్దు చేసింది.

శేషాచలం_నీడ:
వాళ్లకు బెయిల్ ఏ కారణంతో వచ్చిందో కూడా చూడండి. మా ఊరి కేసులో ఒకాయనకు అనారోగ్యం వల్ల ఇచ్చారు. మిగతావాళ్లు అదే చూపించి అడిగితే పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) గారు ఒక్క మాటతో అడ్డుకున్నారు. గడువులోగా ఛార్జిషీటు వేయకపోవడం వల్ల వచ్చిన బెయిల్ కూడా ప్యారిటీకి పనికిరాదు. అది కేసులో బలాబలాలు చూసి ఇచ్చేది కాదు.

చంద్రగిరి_అక్క:
ఆర్డర్ కాపీలు తీశాను. ఏ5 పెద్దాయన, గుండె జబ్బు ఉందని ఇచ్చారు. ఏ2 మీద నిర్దిష్టమైన ఆరోపణ లేదని రాశారు. మావాడు రాయి విసిరాడని ఫిర్యాదులో ఉంది. సర్టిఫికెట్‌లో మాత్రం కొడవలి గాయం ఒక్కటే ఉంది, రాతి దెబ్బ ఎక్కడా లేదు. పాత కేసులేమీ లేవు.

చిత్తూరు_జూనియర్:
అయితే ఏ5 సంగతి వదిలేయండి. అది కలిపితే మీ వాదనే పలుచబడుతుంది. ఏ2తో మాత్రమే పోల్చమనండి. రాయి విసిరాడన్న ఆరోపణకు వైద్య ఆధారం లేదన్నది మీకు గట్టి పాయింట్. ఏ2 ఆర్డర్ మీ పిటిషన్ కొట్టేశాక వచ్చి ఉంటే, పరిస్థితి మారిందని సెషన్స్ కోర్టునే మళ్లీ అడగవచ్చు. ముందే వచ్చి ఉంటే హైకోర్టుకు వెళ్లడం మేలు, బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 483 కింద. ఇద్దరికీ తేడా ఏమిటో రాయకుండా ఒకరిని లోపల ఉంచడం సరికాదని నా గట్టి అభిప్రాయం. మీ ఆర్డర్‌లో కారణం ఉందో లేదో చూసి, లేకపోతే పిటిషన్‌లో అదే ముందు రాయించండి.

పలమనేరు_మిత్రుడు:
ఏ2 బెయిలే తప్పని పీపీ గారు వాదిస్తే?

చిత్తూరు_జూనియర్:
వాదించవచ్చు. ఒకరికి పొరపాటున ఇచ్చినదాన్ని చూపించి మరొకరు హక్కుగా అడగలేరని 2023లో తరుణ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్యారిటీ ఒక్కటే నమ్ముకోవద్దన్నది అందుకే. జైల్లో ఎన్నాళ్లున్నాడు, దర్యాప్తు ఎంతవరకు వచ్చింది, సాక్షులను బెదిరిస్తాడన్న అనుమానం ఉందా, ఇవి కూడా పిటిషన్‌లో ఉండాలి.

చంద్రగిరి_అక్క:
హైకోర్టు ఖర్చు తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

శేషాచలం_నీడ:
కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది అక్కా. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. జైలు నుంచే దరఖాస్తు పెట్టించవచ్చు. ఆ రెండు ఆర్డర్లూ, గాయాల సర్టిఫికెట్ కాపీ దగ్గర ఉంచుకోండి, వచ్చే లాయరు మొదట అడిగేది అవే.