మెరూన్ మీద తెల్ల బొడోని: చిన్న సైజులో గీతలు ఎగిరిపోతున్నాయి

లత_కోరమంగళ:
బెంగళూరులో ఆంధ్ర భోజన హోటల్‌కి మెనూ కార్డు, తెలుగు-ఇంగ్లీషు రెండూ. మెరూన్ బ్యాక్‌గ్రౌండ్, తెల్ల అక్షరాలు, 8 పాయింట్ల బొడోని ఫాంట్. స్క్రీన్ మీద బ్రహ్మాండం. సుల్తాన్‌పేటలో ప్రూఫ్ తీయిస్తే ఇంగ్లీషు ‘ఇ’లో అడ్డగీత లేదు, ‘ఎన్’ రెండు కర్రల్లా మిగిలింది. బోల్డ్ చేసినా అంతే. ఫాంట్ మార్చేయాలా?

ప్లేట్‌రూమ్:
లత గారూ, బోల్డ్‌లో లావయ్యేది నిలువు కర్రలే, సన్నగీతలు దాదాపు అలాగే ఉంటాయి. బొడోని అందమంతా ఆ తేడాలోనే కదా!

లెక్క చూడండి. ఫాంట్ సైజుని (ఎమ్) 1000 యూనిట్లుగా విభజించి, సన్నగీత 20 యూనిట్లనుకుంటే, 8 పాయింట్ల దగ్గర దాని మందం 0.16 పాయింట్. ఆఫ్‌సెట్ ముద్రణలో తెల్ల కాగితం మీద నల్లగీతకే 0.25 ఉండాలంటాం, రివర్స్‌లో, అంటే రంగు మీద తెల్లగీతకి, 0.5 ఉంటే నిశ్చింత. పైగా మెరూన్‌ని సిరాకో ప్లేటు చొప్పున మూడు నాలుగు ప్లేట్లతో కలుపుతున్నారు. ఒక్క ప్లేటు వెంట్రుకవాసి జరిగితే చాలు, ఆ సందులోకి సిరా దిగుతుంది. మెరూన్‌ని ఒకే స్పాట్ కలర్‌గా (ముందే కలిపిన ఒక్క సిరాగా) వేయించండి, సగం బాధ తీరుతుంది. కోటింగ్ లేని కాగితం మాత్రం వద్దు, సిరా పాకుతుంది.

అక్షరం చుట్టూ 0.1 పాయింట్ల తెల్ల స్ట్రోక్ (అంచుగీత) ఇస్తే 0.16 కాస్తా 0.26 అవుతుంది. అదీ చాలదు, ‘ఇ’ కన్ను (లోపలి ఖాళీ) మాత్రం పూడుకుపోతుంది.

అచ్చుపిచ్చి:
ఫాంట్ కాదు, కట్ (అదే ఫాంట్‌లో ఒక్కో సైజుకి గీసిన రూపం) మార్చండి. సీసం అక్షరాల కాలంలో ఏ సైజుకి ఆ సైజు విడిగా చెక్కేవారు. డిజిటల్‌లోకి వచ్చాక చాలా బొడోనిలకి మిగిలింది పెద్ద సైజు గీతే. 1994లో వచ్చిన ఐటీసీ బొడోనిలో 6, 12, 72 పాయింట్లకి వేరువేరు కట్‌లున్నాయి. ఉచితంగా కావాలంటే బొడోని మోడా: ఆప్టికల్ సైజు (సైజుని బట్టి గీతల మందం మార్చే అమరిక) 6 నుంచి 96 దాకా జరుగుతుంది. మీరు అట్టడుగున, 6 దగ్గర పెట్టండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అది దానంతటది మారదు, స్లైడర్ చేత్తో జరపాలి. ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) 10-20 పెంచండి.

బవర్ బొడోని (1926) గీతలు మరీ నాజూకు. దాన్ని 36 పాయింట్ల పైన హోటల్ పేరుకి వాడండి, కన్నుల పండుగ.

లత_కోరమంగళ:
మరి తెలుగుకి?

అచ్చుపిచ్చి:
నోటో సెరిఫ్ తెలుగు, లేదా టిరో తెలుగు. రెండింట్లోనూ లావు-సన్నం ఉంది, బొడోని పక్కన పరాయిగా కనిపించవు. బొడోని అంత తేడా మాత్రం తెలుగులో వెతక్కండి, తలకట్టు దగ్గరే విరుగుతుంది. సైజు అంకె చూసి కాదు, ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల పక్కన పెట్టి కంటితో సరిచూడండి. ‘గుత్తి వంకాయ’, ‘గోంగూర పచ్చడి’ లాంటి పేర్లలో ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి 8 పాయింట్లకి లీడింగ్ (వరుసకీ వరుసకీ దూరం) 13 అయినా ఇవ్వాలి.

ప్లేట్‌రూమ్:
ధరలు కూడా చూసుకోండి. రూపాయి గుర్తు వచ్చింది 2010లో. అంతకుముందు చేసిన బొడోని ఫైళ్లలో అది ఉండదు, సాఫ్ట్‌వేర్ గుట్టుచప్పుడు కాకుండా వేరే ఫాంట్‌లోంచి తెచ్చి అతికిస్తుంది.