అప్‌డేట్: వంపులో బోగీ దిగిపోవడం ఆగింది

భీమిలి వైపు తోటలోని ఏడుంపావు అంగుళాల గేజి (రెండు పట్టాల మధ్య దూరం) బుల్లి రైలు, వంపు దగ్గరే ఎందుకు పట్టాలు తప్పుతోందని అడిగాను కదా. తప్పు చక్రాలది కాదు. 184 మి.మీ. ఉండాల్సిన గేజి ఖాళీగా కొలిస్తే 190; మనుషులెక్కాక ఇంకా తెరుచుకుని లోపలి చక్రం జారిపోతోంది. అందుకే బరువు పెట్టి కొలవాలి.

పట్టాల్ని పట్టి ఉంచే జింకు పూత స్క్రూల మెడల్ని ఉప్పుగాలి తినేసింది, తలలు మాత్రం నిగనిగలాడుతున్నాయి! పట్టాల కింద అడ్డంగా ఉండే చెక్క స్లీపర్లు తీసి ప్లాస్టిక్‌వి, స్టెయిన్‌లెస్ స్క్రూలతో వేశాం. ముందు సన్నరంధ్రం వేయకపోతే ప్లాస్టిక్ చీలుతుంది. వంపులో చక్రాలు బిగుసుకోకుండా గేజి కాస్త పెంచి 187 ఉంచాం. మూడు మీటర్ల పట్టా వేడి 30 డిగ్రీలు పెరిగితే మిల్లీమీటరుకు పైనే సాగుతుంది. అందుకే అతుకుల్లో 2 మి.మీ. సందు వదిలాం. పట్టా జరగాలి కాబట్టి అతుకుల బోల్టులు మరీ బిగించొద్దు.