అప్‌డేట్: బాబు చెక్క బ్లాకులు పేర్చడం లేదని అడిగాను కదా, ఇదీ ఫలితం

రెండేళ్లు దాటినా మా బాబు రెండు బ్లాకుల మీద మూడోది నిలబెట్టలేకపోతున్నాడని, కోపంతో విసిరేస్తున్నాడని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ముఖ్యంగా "టెన్షన్ పడుతూ కూర్చోకండి, ఒకసారి చూపించండి" అన్నవారికి.

పిల్లల డాక్టర్ ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (చేతులతో చేసే రోజువారీ పనులు అలవాటు చేయించే నిపుణురాలు) దగ్గరికి పంపారు. రెండేళ్లకి చాలామంది పిల్లలు ఆరు దాకా పేరుస్తారు కాబట్టి చూపించడం మంచిదే అన్నారు. చూపు బాగుంది, పట్టు బాగుంది. ఇబ్బందల్లా వదలడంలోనే. బ్లాకుని సరిగ్గా పైన పెట్టి, కింది వాటిని కదపకుండా వేళ్లు మెల్లగా తెరవాలి. పట్టుకోవడం కంటే అది ఆలస్యంగా వచ్చే నేర్పట. నాకు ఈ సంగతి అస్సలు తెలియదు.

థెరపిస్ట్ చెప్పినట్టు ముందు వెడల్పు గిన్నెలో, తర్వాత మూతి చిన్నదైన డబ్బాలో వస్తువులు వేయించాం. పరుపు మీద కాకుండా గచ్చు మీద, కొంచెం పెద్ద, బరువైన బ్లాకులతో ఆడించాం. ఇక్కడ ఒకరు చెప్పిన గచ్చు సలహా నిజంగా పనిచేసింది. ఇప్పుడు ఐదారు పేరుస్తున్నాడు, పడిపోతే మళ్లీ మొదలుపెడుతున్నాడు. చూస్తుంటే ఎంత సంతోషంగా ఉందో!

ఖరీదైన సెట్టు, రంగులు, అక్షరాలు, వీటికీ సమస్యకీ సంబంధం లేదు. ఏటికొప్పాక బొమ్మలు కొనమన్నారు, కొన్నాం, వాడికి చాలా ఇష్టం. కాకపోతే అవి లేత్ మీద తిప్పి చేసేవి, ఎక్కువగా గుండ్రంగా ఉంటాయి. పేర్చడానికి చదరపు దిమ్మెలే తీసుకోండి.