అంబాసిడర్ మార్క్ 4 పెట్రోల్‌కు ఎలక్ట్రిక్ ఫ్యాన్: ఏ సైజు, వైరింగ్ ఎలా?

తిరుపతి_అంబీ

అన్నలారా, బండి 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్. ఏసీ లేదు, డైనమో (ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించేది) పాతదే. లీలామహల్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగితే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతా ఉంది. రేణిగుంట రోడ్డెక్కి 60లో పోతే మళ్ళీ మధ్యకు దిగుతుంది. మొగిలి ఘాట్‌లో సెకండ్ గేర్ పడిందంటే మళ్ళీ పైకే. రేడియేటర్ రీకోర్ (లోపలి ట్యూబుల కోర్ కొత్తది వేయడం) చేయించిందే, వాటర్ పంపులో లీకు లేదు. పంపు మీది ఫ్యాన్ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ వేయాలని ఉంది. మారుతి 800 ఫ్యాన్ చాలుతుందా? 12 అంగుళాలదా, 14 అంగుళాలదా? స్విచ్ ఎక్కడ పెట్టాలి? థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కు నీళ్ళు వదిలే వాల్వు) పీకేస్తే చాలని ఇక్కడొక మెకానిక్ అంటున్నాడు, నిజమేనా?

పలమనేరు_గ్యారేజ్

ఆగితే వేడెక్కడం, 60లో చల్లబడటం అంటే గాలి చాలడం లేదని అర్థం. ఇదే తలకిందులుగా ఉంటే, అంటే హైవేలో వేడెక్కి ట్రాఫిక్‌లో బాగుంటే, ఏ ఫ్యాన్ వేసినా డబ్బు దండగే. అప్పుడు చూడాల్సింది కోర్ లోపలి పాచి, పంపు రెక్కలు, ఇగ్నిషన్ టైమింగ్. స్పీడ్ 50 దాటితే ముందు నుంచి వచ్చే గాలే రేడియేటర్‌కు సరిపోతుంది, ఫ్యాన్ ఉన్నా లేకున్నా పెద్ద తేడా ఉండదు. మీ బండికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పనికొస్తుంది.

కానీ అంతకు ముందు డైనమో సంగతి తేల్చుకోండి, అసలు చిక్కు అక్కడే. ఆ కాలపు డైనమో గట్టిగా తిరిగినప్పుడు ఇచ్చేదే 22 ఆంప్స్ దగ్గర. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు) దాదాపు ఏమీ రాదు, ఛార్జింగ్ లైటు వెలిగేది అందుకే. ఎలక్ట్రిక్ ఫ్యాన్ తిరగాల్సింది కూడా సరిగ్గా ఐడిల్‌లోనే. 14 అంగుళాల ఫ్యాన్ 12 నుంచి 15 ఆంప్స్ లాగుతుంది. రాత్రి ట్రాఫిక్‌లో రెండు హెడ్‌లైట్లకు 10, కాయిల్‌కు 4, వైపర్‌కు 4 కలిపితే 30 దాటింది. అదంతా బ్యాటరీ మోయాలి. ముందు డైనమో బదులు 45 ఆంప్స్‌కు తగ్గని ఆల్టర్నేటర్ (ఐడిల్‌లో కూడా కరెంటు ఇచ్చేది) వేయండి, ఫ్యాన్ కొనేది ఆ తర్వాతే. ఆల్టర్నేటర్ వేస్తే డైనమో ఛార్జింగ్‌ను అదుపు చేసే పాత కటౌట్ బాక్స్‌తో పని ఉండదు. బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి ఎర్త్ అయి ఉందేమో కూడా చూసుకోండి. అలా ఉంటే ముందు దాన్ని మైనస్ ఎర్త్‌కు మార్చాలి, లేకపోతే ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు క్షణంలో కాలిపోతాయి.

మారుతి 800 ఫ్యాన్ 796 సీసీ ఇంజన్‌కు చేసింది. మీ ఇంజన్ దాదాపు రెట్టింపు. ఘాట్‌లో వేడిని ఆపడం అదొక్కదాని వల్ల కాదు.

థర్మోస్టాట్ తీయొద్దు. తీసేస్తే హైవేలో ఇంజన్ చల్లగానే ఉండిపోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. ట్రాఫిక్‌లో వేడి మాత్రం తగ్గదు, ఎందుకంటే ఆ వేడికి థర్మోస్టాట్ ఎలాగూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. 82 డిగ్రీలది కొత్తది వేసి, వేడినీళ్ళలో తెరుచుకుంటుందో లేదో చూసి బిగించండి.

చంద్రగిరి_పాతబండ్లు

నా మాట వేరు. ఆల్టర్నేటర్, ఫ్యాన్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపేది), స్విచ్ అన్నీ కొనే ముందు, ఉన్న ఫ్యాన్ చుట్టూ రేకుతో ష్రౌడ్ (గాలి పక్కకు పోకుండా కోర్‌కూ ఫ్యాన్‌కూ మధ్య కప్పు) చేయించి చూడండి. ష్రౌడ్ లేకపోతే రెక్కల చివర గాలి వెనక్కి తిరిగి అక్కడక్కడే సుళ్ళు తిరుగుతుంది, కోర్ గుండా రాదు. బెల్టు వదులుగా ఉందేమో, ఫ్యాన్ ఎక్కువ రెక్కలది దొరుకుతుందేమో కూడా చూడండి. వీటితో తీరితే వైరింగ్ జోలికే పోనక్కర్లేదు. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. మూత ఒక్కో పీఎస్‌ఐ ఒత్తిడి పట్టి ఉంచితే నీళ్ళు మరిగే వేడి డిగ్రీన్నర దాకా పెరుగుతుంది. అరిగిన మూత ఆ లాభమంతా వదిలేస్తుంది.

తిరుపతి_అంబీ

ఇద్దరికీ థ్యాంక్స్. బెల్టు బిగువుగానే ఉంది, మూత కొత్తది. ఆల్టర్నేటర్ వేయించడానికి సిద్ధం. టేపుతో కొలిచాను: కోర్ 17 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు. పాత ఫ్యాన్ తీస్తే కోర్‌కూ పంపు ముక్కుకూ మధ్య నాలుగు అంగుళాలు మిగులుతుంది. బోర్డు మీద ఆంమీటర్ ఉంది, దాన్ని అలాగే ఉంచొచ్చా?

పలమనేరు_గ్యారేజ్

కోర్ 255 చదరపు అంగుళాలు. 14 అంగుళాల ఫ్యాన్ 154 కప్పుతుంది, 12 అంగుళాలది 113 మాత్రమే. కాబట్టి 14 తీసుకోండి, పల్చటి మోటారుది. ఇంజన్ వైపు ఉండి కోర్ గుండా గాలిని లాగే రకం కావాలి. గ్రిల్ వైపు నుంచి తోసే రకం వేస్తే హైవేలో వచ్చే గాలికి మోటారే అడ్డం పడుతుంది. తోసే ఫ్యాన్ వైర్లు తారుమారు చేసి లాగేదిగా వాడమని అమ్మేవాళ్ళు చెప్తారు, నమ్మొద్దు. రెక్క వంపు ఒక దిక్కుకే చేసింది, తిరగేసి తిప్పితే గాలి బాగా తగ్గిపోతుంది. డబ్బా మీద రాసిన గాలి లెక్క చూసి కూడా మురిసిపోవద్దు, అది ముందు రేడియేటర్ లేకుండా కొలిచింది.

కొత్తది వద్దనుకుంటే చెన్నై పుదుప్పేటలో పెద్ద కార్ల ఫ్యాన్లు ష్రౌడ్‌తో సహా దొరుకుతాయి. కొనే ముందు షాఫ్ట్ పట్టుకుని ఊపండి, ఆట ఉంటే బుష్ పోయినట్టు. బ్యాటరీకి తగిలించి క్లాంప్ మీటర్‌తో ఆంప్స్ చూడండి.

కోర్ గుండా దూర్చి కట్టే ప్లాస్టిక్ పిన్నులు వాడొద్దు. బండి అదురుకు అవి ట్యూబులను రాసి రాసి లీకు చేస్తాయి. పక్క చట్రాలకు ఎల్ పట్టీలు వేసి ష్రౌడ్ బిగించండి. రెక్కకూ కోర్‌కూ మధ్య ఒక అంగుళం, మోటారు వెనక నుంచి పంపు ముక్కుకు ఇంకో అంగుళం వదలండి, రబ్బరు మౌంట్ల మీద ఇంజన్ కదులుతుంది కదా. ష్రౌడ్ అంచుకు చుట్టూ ఫోమ్ పట్టీ అంటించండి.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. పాత ఫ్యాన్‌నూ పుల్లీనీ పట్టి ఉంచేవి అవే నాలుగు బోల్టులు. ఫ్యాన్ మందం తగ్గాక అవి పొడవైపోతాయి, పుల్లీ బిగవదు. అంత మందం వాషర్లు వేయండి, లేదా పొట్టి బోల్టులు తేండి. మర అంగుళాలది, మిల్లీమీటర్ల బోల్టు బలవంతంగా తిప్పితే హబ్ పోతుంది.

రేణిగుంట_ఎలక్ట్రికల్

వైరింగ్ నేను చెప్తాను. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే 30 ఆంప్స్ ఫ్యూజు, అక్కడి నుంచి 40 ఆంప్స్ రిలే 30వ పిన్నుకు. 87వ పిన్ను నుంచి ఫ్యాన్ ప్లస్‌కు. ఫ్యాన్ మైనస్‌ను బాడీ రేకుకు వదిలేయకుండా బ్యాటరీ మైనస్ దాకా లాగండి. ఈ దారంతా 4 చదరపు మి.మీ. రాగి వైరు. 86కు ఇగ్నిషన్ నుంచి కరెంటు, 85 టెంపరేచర్ స్విచ్ ద్వారా ఎర్త్‌కు. పాత ఫ్యూజు బాక్స్ నుంచి ఫ్యాన్‌కు కరెంటు తీయొద్దు, ఆ క్లిప్పులు వేడెక్కి కరుగుతాయి.

ఆంమీటర్ ఉంచొచ్చు, కానీ ఆల్టర్నేటర్ మెయిన్ వైరు దాని గుండా పోకూడదు. ఆ వైరు మందంగా, నేరుగా బ్యాటరీకి వేయండి. లేకపోతే మీటరు కాలుతుంది. బోర్డు మీద ఓల్ట్‌మీటర్ ఉంటే మేలు.

స్విచ్ 92 డిగ్రీలకు ఆన్, 87కు ఆఫ్ అయ్యేది తీసుకోండి. థర్మోస్టాట్ 82ది కదా, అంతకంటే తక్కువలో ఆఫ్ అయ్యే స్విచ్ పెడితే ఫ్యాన్ ఆగనే ఆగదు. పై హోసు కోసి మధ్యలో అడాప్టర్ పెట్టి దానికి బిగిస్తారు. ఒకే టెర్మినల్ స్విచ్ అయితే అడాప్టర్‌కు విడిగా ఎర్త్ వైరు వేయాలి. రెండు పక్కలా రబ్బరే, బాడీతో సంబంధం ఉండదు. పని చేయని ఫ్యాన్లలో చాలావాటి జబ్బు ఇదే. 85 నుంచే ఇంకో వైరు తీసి, బోర్డు మీద మామూలు స్విచ్ ద్వారా ఎర్త్‌కు కలపండి. టెంపరేచర్ స్విచ్ మొరాయించినా, ఘాట్ మొదలయ్యే ముందే ఫ్యాన్ వేసుకోవాలన్నా పనికొస్తుంది.

బిగించాక గ్రిల్ ముందు కాగితం పట్టుకోండి. కోర్ వైపు అతుక్కోవాలి. ఎగిరిపోతే వైర్లు తారుమారయ్యాయి. తర్వాత బండి నిలబెట్టి ఐడిల్‌లో వదలండి: ఫ్యాన్ దానంతట అదే ఆన్ అయి, ముల్లు దిగాక ఆగాలి. ముల్లు పైకి పోయినా ఆన్ కాకపోతే 85 వైరును బాడీకి తాకించండి. తిరిగిందంటే లోపం స్విచ్‌లోనో దాని ఎర్త్‌లోనో ఉన్నట్టు. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరుసగా చూడండి.