స్పీడ్ టెస్ట్ బ్రహ్మాండం, ల్యాప్‌టాప్ నుంచి టీవీకి సినిమా మాత్రం ఆగి ఆగి వస్తోంది

మేడమీదగది:
నమస్కారమండీ. ల్యాప్‌టాప్‌లో జెల్లీఫిన్ (మన దగ్గరున్న సినిమా ఫైళ్ళని ఇంట్లో టీవీకి పంపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని అందులోని సినిమాలు హాల్లో టీవీలో చూస్తుంటాం. ల్యాప్‌టాప్ ఉండేది పడగ్గదిలో, రౌటర్ టీవీ వెనకాలే. మామూలు సినిమాలు బాగానే ఆడతాయి. 4కె ఫైల్ పెడితే మాత్రం కాసేపు ఆడి చక్రం తిరగడం మొదలు, అదీ సరిగ్గా కథ రసపట్టులో ఉన్నప్పుడే. నాన్నగారైతే చక్రం కనబడగానే లేచి వెళ్ళిపోతున్నారు.

ప్లాన్ 100 ఎంబీపీఎస్. టీవీ పక్కన నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 95 వస్తోంది. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె ఏ పేచీ లేకుండా వస్తుంది. టీవీ, ల్యాప్‌టాప్ రెండూ 5 గిగాహెర్ట్జ్ వైఫై మీదే ఉన్నాయి. 300 ప్లాన్‌కి మారితే తీరుతుందా?

కొత్తడబ్బా:
రౌటర్ పాతదై ఉంటుంది బ్రో, మార్చేయ్. లేదా మెష్ పెట్టేయ్, ఇల్లంతా రెండు మూడు డబ్బాలతో వైఫై.

తీగలాగితే:
ఏదీ కొనకండి, ప్లాన్ అసలే మార్చకండి. ఒరిగేదేమీ లేదు. మీ సినిమా ఇల్లు దాటి బయటికే పోవడం లేదు కదా! ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కి, అక్కడి నుంచి టీవీకి, అంతే దాని ప్రయాణం. మీ స్పీడ్ టెస్ట్ హాల్లో ఫోన్‌కీ బయటి ఇంటర్నెట్‌కీ మధ్య కొలిచింది. అసలు అనుమానించాల్సిన పడగ్గది వైపు ఎవరూ చూడలేదు.

పైగా ల్యాప్‌టాప్, టీవీ రెండూ ఒకే వైఫై ఛానెల్‌లో ఉన్నాయి. ల్యాప్‌టాప్ పంపేటప్పుడు రౌటర్ ఆగాలి, రౌటర్ టీవీకి పంపేటప్పుడు ల్యాప్‌టాప్ ఆగాలి. ప్రతి ప్యాకెట్టూ గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది కాబట్టి ఉన్న వేగంలో సగమే చేతికొస్తుంది. మధ్యలో గోడ ఉంటే ల్యాప్‌టాప్ తక్కువ రేటుకి దిగి, అదే డేటాకి ఇంకా ఎక్కువసేపు ఛానెల్‌ని పట్టుకుంటుంది.

నెట్‌ఫ్లిక్స్‌తో పోల్చకండి. అది 4కెకి అడిగేది 15 ఎంబీపీఎస్, నెట్ నెమ్మదిస్తే క్వాలిటీ తగ్గించుకుని నెట్టుకొస్తుంది. బ్లూరే నుంచి తీసిన 4కె ఫైల్ అయితే 60, 70 దగ్గర నడుస్తూ కొన్ని సీన్లలో వంద కూడా దాటుతుంది. డైరెక్ట్ ప్లేలో, అంటే ఫైల్‌ని ఉన్నదున్నట్టు టీవీకి పంపేటప్పుడు, దానికి తగ్గడమనేది తెలీదు.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూడండి. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొడితే డీఫాల్ట్ గేట్‌వే అని ఒక నంబర్ వస్తుంది, సాధారణంగా 192.168తో మొదలవుతుంది. అదే మీ రౌటర్. సినిమా ఆడుతుండగా దానికి పింగ్ (అవతలి నుంచి జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో చూపే కమాండ్) పెట్టి వదిలేయండి. రెండు మూడు మిల్లీసెకన్లు ఉండాల్సింది వందల్లోకి ఎగిరితే దొంగ దొరికినట్టే. అప్పుడు ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి కేబుల్‌తో కలపండి. టీవీ వైఫై మీదే ఉన్నా ఫర్వాలేదు, ఒక మజిలీ గాలిలోంచి తప్పితే చాలు.

మేడమీదగది:
చూశానండీ. సినిమా ఆపి ఉంచితే 3. ప్లే నొక్కగానే 180, 410, మధ్యలో రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ కూడా వచ్చింది! ల్యాప్‌టాప్ హాల్లోకి తెచ్చి కేబుల్ పెట్టాను, చక్రం పోయింది. కానీ ఒక్క సినిమా ఇంకా ఆగుతోంది. అది పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ ఫ్యాన్ ఓ రేంజ్‌లో మోగుతోంది.

పాతమోడెమ్:
పనిలో పని, టీవీకి కూడా కేబుల్ పెట్టేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. చాలా స్మార్ట్ టీవీల్లో ఆ పోర్ట్ 100 ఎంబీపీఎస్ మాత్రమే. పెద్ద 4కె ఫైళ్ళకి అదే అడ్డు. రౌటర్ పక్కనే ఉన్న టీవీకి 5 గిగాహెర్ట్జ్ వైఫైయే నయం.

తీగలాగితే:
నిజమే, కేబుల్ అంటే ఎప్పుడూ వేగమే అనుకుంటారు జనం.

మేడమీదగది గారూ, ఫ్యాన్ మోగుతోందంటే ఇక అది వైఫై గొడవ కాదు, ట్రాన్స్‌కోడింగ్. ఆ సినిమాకి సబ్‌టైటిల్స్ ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. బ్లూరే సబ్‌టైటిల్స్ అక్షరాలుగా కాకుండా బొమ్మలుగా ఉంటాయి. టీవీ యాప్‌కి అవి చూపించడం రాకపోతే, జెల్లీఫిన్ వాటిని వీడియో మీదే అచ్చువేస్తూ సినిమా మొత్తాన్ని అప్పటికప్పుడు మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తుంది. 4కెలో ఆ పని మామూలు ల్యాప్‌టాప్‌కి తలకు మించిన భారం. సినిమా ఆడుతుండగా జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే డైరెక్ట్ ప్లేనా, ట్రాన్స్‌కోడింగా, దేనివల్ల అన్నది అక్కడే రాసి ఉంటుంది. సబ్‌టైటిల్సే కారణమైతే ఎస్‌ఆర్‌టీ ఫైల్ (అక్షరాల రూపంలో ఉండే సబ్‌టైటిల్స్) ఒకటి తెచ్చి, సినిమా ఫైల్ పేరే దానికీ పెట్టి, అదే ఫోల్డర్‌లో వేసి, లైబ్రరీ ఒకసారి స్కాన్ చేయించండి.